కొలత ఎవరి చేతిలో ఉంది?

రెడీమిక్స్ లారీ సైటుకు రాగానే మేము మొదట చేసే పని స్లంప్ చూడటం. ఇనుప కోన్ ఎత్తు 300 మిల్లీమీటర్లు, పైన వెడల్పు 100, కింద 200. అందులో కాంక్రీటును మూడు పొరలుగా పోసి, ఒక్కో పొరను రాడ్డుతో 25 సార్లు కుమ్మి, కోన్ మెల్లగా పైకి లేపుతాం. కాంక్రీటు ఎంత కిందికి జారిందో టేపు పెట్టి చూస్తాం. కాగితం మీద ఒప్పుకున్నదానికంటే ఎక్కువ జారితే లారీ వెనక్కి పోవాల్సిందే.

రెండేళ్ళ కింద ఒక పొద్దున అట్లా ఒక లారీని వెనక్కి పంపినప్పుడు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, మూడు వేళ్ళ తేడాకు లారీ మొత్తం వాపస్ పంపుతరా? మన దిక్కు అయితే కొంచెం జారుడే మంచిదని ఇంకో బకెట్ నీళ్ళు పోసి పని కానిచ్చేటోళ్ళం కదా."

"స్పెసిఫికేషన్‌లో లేదు తమ్మీ" అన్నాం. అది జవాబు కాదని మాకే తెలుసు. పాలిటెక్నిక్‌లో ఐఎస్ 456 అని, ఐఎస్ 383 అని నంబర్లు బట్టీ పట్టాం. మార్కులు వచ్చాయి. ఆ నంబర్లు ఎందుకు పుట్టాయో, ఎవరు రాశారో, వాటికి ముందు మనుషులు ఏం అవస్థ పడ్డారో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ తమ్ముడు అడిగిన తర్వాతే చదవడం మొదలుపెట్టాం. చదివిన కొద్దీ సైటునే కాదు, వ్యాపారాన్ని, సమాజాన్ని చూసే చూపే మారిపోయింది. అందులో కొంత ఈ సంచికలో మన వాళ్ళతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

మన కాళ్ళ కిందే ఉన్న తూకం

ఈ చరిత్ర కోసం దూరం పోనక్కర లేదు. మనం బతుకుతున్న ఈ బహ్రెయిన్‌లోనే మొదలుపెట్టవచ్చు. సెలవు రోజు సాయంత్రం మనలో చాలామంది పోయి ఫోటోలు దిగే బహ్రెయిన్ కోట తెలుసు కదా. ఆ కోట కింద దిబ్బలో ఒకదాని మీద ఒకటిగా పాత పట్టణాలు పూడిపోయి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళ కింద ఈ నేలను దిల్మున్ అనేవారు. డెన్మార్క్ పురావస్తు బృందం 1950లలో మొదలుపెట్టిన తవ్వకాల్లో ఇక్కడ రాతి తూకపు గుండ్లు దొరికాయి. అవి ఎవరి లెక్కకు సరిపోయాయో తెలుసా? మన సింధు లోయ లెక్కకు.

హరప్పా, మొహెంజొదారో, గుజరాత్‌లోని లోథల్ లాంటి చోట్ల దొరికిన గుండ్లు ఎక్కువగా చెకుముకి జాతి రాయితో నున్నగా చేసిన చిన్న ఘనాలు. చిన్నవాటిలో ఒకదానికి రెట్టింపు ఇంకొకటి: 1, 2, 4, 8, 16, 32, 64. ఎక్కువగా దొరికిన గుండు బరువు సుమారు 13.7 గ్రాములు. వాళ్ళ కాల్చిన ఇటుకలు చూస్తే మన మేస్త్రీలకు ఇంకా ముచ్చటేస్తుంది. ఎత్తుకు రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. వందల మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళలో కూడా అదే 1:2:4 లెక్క. ఒక ఊరి ఇటుక ఇంకో ఊరి గోడలో కూర్చుంటుంది.

సముద్రం దాటి వచ్చిన వర్తకుడికి దిల్మున్‌లో భాష రాకపోయినా తూకం వచ్చు. ఇక్కడి నుంచి సరుకు ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ పట్టణానికి పోయేది. అక్కడి మట్టి పలకల మీద రాగిని దిల్మున్ తూకంలో ఇంత అని రాసి, దాన్ని ఊర్ తూకంలోకి మార్చి ఇంత అని రాసుకున్నారు. మనం దినార్లను రూపాయల్లోకి మార్చుకున్నట్టే అన్నమాట. ఒకరినొకరు ఎరగని మనుషులు నమ్మకంగా ఇచ్చిపుచ్చుకోవడానికి ముందే కుదుర్చుకున్న మాటే ప్రమాణం. ఈ సంగతి మాకు మొదట తెలిసింది ఇక్కడే.

తూకం కుదిరింది, సరుకు కుదరలేదు

కానీ తూకం ఒక్కటే సరిపోదు. ఊర్‌లో ఏయా నాసిర్ అని ఒక రాగి వర్తకుడు ఉండేవాడు. దిల్మున్ నుంచే రాగి తెప్పించేవాడు. నన్ని అనే కొనుగోలుదారు అతనికి రాయించిన మట్టి పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని వయసు సుమారు 3,750 ఏళ్ళు. మంచి రాగి ఇస్తానని చెప్పి నాసిరకం దిమ్మలు చూపించావు, మా మనిషిని ఉత్త చేతులతో తిప్పి పంపావు అని అందులో మొర. ఇక మీదట మా ఆవరణలోనే ఒక్కో దిమ్మను చూసి ఏరుకుంటాం, నచ్చనిది తిప్పి కొడతాం అని చివర్లో హెచ్చరిక.

ఇది చదివినప్పుడు మాకు ఆ రెడీమిక్స్ లారీ గుర్తుకొచ్చింది. నన్నికి తూకపు గుండు ఉంది కానీ స్లంప్ కోన్ లేదు. రాగి ఎంత బరువో చూపగలడు, ఎంత మంచిదో చూపలేడు. కొలిచి చూపే దారి లేనప్పుడు బలహీనుడికి మిగిలేది బతిమాలడం, లేకపోతే తిట్టడం.

దాదాపు అదే కాలంలో బాబిలోన్ రాజు హమ్మురాబి రాతి మీద చట్టాలు చెక్కించాడు. అందులో మన పనివాళ్ళ గురించి కూడా ఉంది. కట్టిన ఇల్లు గట్టిగా లేక కూలి ఇంటి యజమాని చనిపోతే, కట్టినవాడికి మరణశిక్ష. సామాను పాడైతే నష్టం కట్టి, ఇల్లు సొంత ఖర్చుతో మళ్ళీ కట్టాలి. మంచిదే అనిపిస్తుంది. కానీ చూడండి, ఇల్లు కూలిన తర్వాతే ఆ చట్టం వస్తుంది. గోడ ఎంత మందం ఉండాలో, ఏ మట్టి వాడాలో అందులో లేదు. ఇప్పుడు మనం కాంక్రీటు పోసిన రోజే క్యూబులు తీసి, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని ప్రెస్ కింద పెట్టి పగలగొడతాం. మనిషి చనిపోయాక మేస్త్రిని శిక్షించడం కంటే, మనిషి ఇంట్లోకి రాకముందే క్యూబును పగలగొట్టి చూసుకోవడం నాగరికత అని మాకు అనిపించింది.

అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. కూలివాడికి ఏడాదిలో మొదటి అయిదు నెలలు రోజుకు 6 గింజల ఎత్తు వెండి, ఆ తర్వాత 5 గింజల ఎత్తు ఇవ్వాలట. అంటే కూలికి ప్రమాణం ఉండాలనే ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఇంటికి, రాగికి, కూలికి మూడింటికీ కొలత కావాలని ఈ నేల మీద అప్పుడే అనుకున్నారు.

దొర కుంచం

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. ఈ మాటలు ఇప్పటి పిల్లలకు తెలియవు గానీ మన తాతలు వీటితోనే బతికారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. లెక్క వినడానికి బాగానే ఉంది. కానీ ఊరికో మానిక, ఇంటికో కుంచం. మా దిక్కు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు: వడ్లు నాగుకు తెచ్చుకునేటప్పుడు కొలిచే కుంచం వేరు, పంట కోశాక తిరిగి ఇచ్చేటప్పుడు కొలిచే కుంచం వేరు. ఇచ్చేటప్పుడు అంచుకు గీసి ఇస్తారు, తీసుకునేటప్పుడు గోపురంలా పోయించుకుంటారు. కుంచం దొరది, కొలిచే మనిషి దొర మనిషి, లెక్క రాసే పుస్తకం దొరది. రైతు దగ్గర ఉన్నది వడ్లు ఒక్కటే.

ఇది మన దగ్గరే కాదు. ఫ్రాన్స్‌లో 1789లో విప్లవానికి ముందు రాజుకు ప్రజలు రాసుకున్న ఫిర్యాదుల్లో, జమీందారు తన సొంత కొలపాత్రతో ధాన్యం ఎక్కువ గుంజుతున్నాడనే మొర మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. అందుకే వాళ్ళు కొత్త కొలతను ఏ రాజు మూరలోంచో, ఏ దొర కుంచంలోంచో తీయలేదు, భూమిలోంచి తీశారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతును మీటరు అన్నారు. 1795లో చట్టం చేశారు. 1875 మే 20న పారిస్‌లో 17 దేశాలు మీటరు ఒప్పందం మీద సంతకం పెట్టాయి.

మన దేశంలో 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ నుంచి అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి వీశె, సేరు స్థానంలో కిలోలు దశలవారీగా వచ్చాయి. అప్పట్లో జనం తికమక పడ్డారు, విసుక్కున్నారు. కానీ గవర్నమెంటు ముద్ర ఉన్న కిలో రాయి ఊళ్ళోకి వచ్చాక, "మా కుంచం ఇంతే" అనే మాటకు ఎదురు అడిగే వీలు దొరికింది. మోసం పోయిందని కాదు. మోసాన్ని మోసం అని చూపించే రాయి ఒకటి చేతికి వచ్చింది.

ఇనుము, గొట్టాలు, పెట్టెలు

ఇక వ్యాపారం సంగతి. ప్రమాణం అంటే వ్యాపారికి అడ్డు అనుకునేవాళ్ళం. చరిత్ర చూస్తే, దాన్ని అడిగి తెచ్చుకున్నవాళ్ళలో వ్యాపారులు, ఇంజనీర్లే ముందున్నారు. బ్రిటన్‌లో ఒక్కో మిల్లు ఒక్కో సైజులో ఇనుప సెక్షన్లు పోసేది. 1901లో లండన్‌లో ఇంజనీర్లు ఒక కమిటీగా కూర్చుని ఉక్కు సెక్షన్ల సైజులను 175 నుంచి 113కు, ట్రామ్ పట్టాల రకాలను 75 నుంచి 5కు తగ్గించారు. ఇప్పుడు మన డ్రాయింగుల మీద కనిపించే బీఎస్ అనే రెండు అక్షరాలు ఆ కమిటీ వారసత్వమే.

ప్రమాణం లేకపోతే ఎంత నష్టమో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ చూసింది. ఊరి నడిమధ్యన మంటలు లేచాయి. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా లాంటి ఊళ్ళ నుంచి ఫైరింజన్లు రైళ్ళలో వచ్చాయి. మనుషులు వచ్చారు, నీళ్ళు ఉన్నాయి, గొట్టాలు ఉన్నాయి. కానీ బయటి గొట్టాల కప్లింగులు చాలావరకు బాల్టిమోర్ హైడ్రంట్లకు పట్టలేదు. మర ఒకటి కాదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. ఆ తర్వాతే దేశమంతటికీ ఒకే కప్లింగు ఉండాలని ప్రమాణం రాసుకున్నారు. మన సైటులో ఫైర్ హోస్ బిగించేటప్పుడు ఈ కథ గుర్తు పెట్టుకోండి.

మన రాడ్ బెండర్ల సంగతే తీసుకోండి. ఊళ్ళో ఎఫ్ఈ 500 అని, ఇక్కడ బీ500 అని స్టీలు పేరు మారుతుంది, 500 మాత్రం రెండు చోట్లా ఒకే బలాన్ని చెబుతుంది. జగిత్యాలలో నేర్చుకున్న చేతిపని మనామాలో చెల్లుతున్నదంటే వెనక ఆ ఉమ్మడి లెక్క కూడా ఉంది. ప్రమాణం సరుకుకే కాదు, మన నైపుణ్యానికి కూడా పాస్‌పోర్టు లాంటిదే.

అయితే ఒక వైపే చెప్పకూడదు. హిద్ద్ దగ్గర ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టులో క్రేన్లు ఎత్తే కంటైనర్లు చూస్తుంటాం కదా. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీల వ్యాపారి 58 పెట్టెలను ఓడ మీద పెట్టి అమెరికాలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆ తర్వాత మెల్లగా 20 అడుగులు, 40 అడుగులు అని ప్రపంచమంతా ఒకే సైజులకు వచ్చింది. సరుకు రవాణా బాగా చవకైంది. కానీ బస్తాలు భుజాల మీద మోసి ఓడలు నింపిన హమాలీలు రేవు రేవునా పని పోగొట్టుకున్నారు. అమెరికా పడమటి తీరంలో మాత్రం కార్మిక సంఘం ముందే కూర్చుని 1960లో ఒప్పందం చేసుకుంది: యంత్రాలు తెచ్చుకోండి, అయితే పాత కార్మికులను పనిలోంచి తీసేయొద్దు, మిగిలే లాభంలో కొంత నిధిగా పెట్టి ముందుగా రిటైరయ్యేవాళ్ళకు ఇవ్వండి అని.

ఇక్కడ మాకు అర్థమైన సంగతి ఇది. ప్రమాణం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాన్ని రాసేటప్పుడు బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారనేదే అసలు లెక్క. కూర్చున్నవాళ్ళకు వాటా వస్తుంది, కూర్చోనివాళ్ళకు కబురు వస్తుంది.

మా జేబులో పుస్తకం

ఇంతదాకా దొరల కుంచం గురించి చెప్పాం. ఇప్పుడు మా గురించి కూడా చెప్పాలి. లేకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

కొన్నేళ్ళ కింద మేము పని చేసిన ఒక సైటులో హాజరు మా జేబు పుస్తకంలోనే ఉండేది. ఎవరు ఎప్పుడు దిగారు, ఓటీ ఎంత అని మేమే రాసేవాళ్ళం. అరగంట లోపు ఓటీ లెక్కలోకి రాదని పైనుంచి నోటిమాటగా చెప్పారు. కాగితం లేదు. మేము అట్లాగే రాశాం. స్లాబ్ పోసిన రోజు పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఇరవై తొమ్మిది నిమిషాలు ఎక్కువ పని చేసినా పుస్తకంలో సున్నా.

షట్టరింగ్ పని చేసే ఒక అన్న క్యాంపులో గోడ క్యాలెండర్ మీద రోజూ పని దిగిన టైము పెన్సిల్‌తో రాసుకున్నాడు. చెల్లెలి పెళ్ళికి ఊరికి పోతూ లెక్క చూసుకున్నాడు. నాలుగు నెలలు, 104 పని రోజులు, సగటున రోజుకు 25 నిమిషాలు. మొత్తం 43 గంటల పైన. క్యాలెండర్ తెచ్చి మా ముందు పెట్టి, కోపం లేకుండా, "అన్నా, నీ బుక్కు చూపించు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. అంతే అడిగాడు.

ఆ నిమిషం మాకు తాతలు చెప్పిన కుంచం గుర్తుకొచ్చింది. ఆ కుంచం మా జేబులోనే ఉంది. మూడు వేళ్ళ తేడాకు కాంక్రీటు లారీని వెనక్కి పంపే మేము, మనిషి చెమటను మాత్రం అంచుకు గీసి కొలుస్తున్నాం. రెండు లెక్కలూ తీసుకుని ఆఫీసుకు పోయాం. వాదన అయింది, మాటలు పడ్డాం. చివరికి అతనికి డబ్బు కట్టారు. తర్వాతి నెల నుంచి వేలిముద్ర మిషన్ వచ్చింది. కానీ క్యాలెండర్ రాసుకోని మిగతావాళ్ళకు వెనకటి గంటలు రాలేదు. వాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అందులో మా తప్పు ఉంది. ఆ బాకీ మాకు ఇప్పటికీ గుర్తుంది.

పని గంటలకు కూడా ప్రమాణం ఉంది, అది పోరాడి తెచ్చుకున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒడంబడికే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని. ఇక్కడి 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టంలోనూ వారానికి 48 గంటలే. ఆపైన చేస్తే పగటి ఓటీకి మామూలు జీతం మీద 25 శాతం, రాత్రి ఓటీకి 50 శాతం కలిపి ఇవ్వాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని పెట్టకూడదు. 2021 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా వేసే పద్ధతి దశలవారీగా వచ్చింది. ఇవన్నీ మన స్లంప్ కోన్‌లే. వాడితేనే పనికొస్తాయి.

మన కూలికి కూడా ఊళ్ళో ఒక కొలత ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పంపాలంటే ఇంతకంటే తక్కువ జీతానికి ఒప్పుకోకూడదని భారత ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కష్టకాలంలో, దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. ఆ బల్ల దగ్గర మనం లేము. కానీ కబురు తెలిశాక మన వాళ్ళు ఊరుకోలేదు. తెలంగాణ నుంచి గల్ఫ్ కార్మికుల తరఫున గొంతు లేచింది, హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జూలైలో పాత కనీసాన్నే తిరిగి పెట్టారు. పిలవకపోయినా పోయి బల్ల దగ్గర కూర్చోవడం అంటే ఇదే.

అందుకే మన ఫోరం సభ్యులకు మా మనవి. ఊళ్ళో సంతకం పెట్టిన కాంట్రాక్టు కాగితం ఫోటో ఒకటి మీ ఫోన్‌లో, ఒకటి ఇంట్లో వాళ్ళ దగ్గర ఉంచండి. ఇక్కడ ఇచ్చిన కాగితం దాంతో సరిపోతుందో లేదో చదివించుకుని చూడండి. మిషన్ ఉన్నా సరే, దిగిన టైము, ఎక్కిన టైము మీ సొంత పుస్తకంలో రాసుకోండి. జీతం పడిన మెసేజ్ తీసేయకండి. గొడవ వచ్చినప్పుడు గొంతు కంటే కాగితం ముందుకు పోతుంది. మాలాంటి సూపర్‌వైజర్లకు ఇంకో మాట: నోటితో చెప్పిన లెక్కను పుస్తకంలో రాయకండి, "అది కాగితం మీద ఇవ్వండి సార్" అని అడగండి. కాగితం ఇవ్వలేని లెక్క చాలాసార్లు సరైన లెక్క కాదు.

ఆ తమ్ముడు ఇప్పుడు స్లంప్ తనే చూస్తున్నాడు. పోయిన నెల ఒక లారీని తనే వెనక్కి పంపి, వచ్చి మాకు చెప్పాడు. జేబులో చిన్న నోటుబుక్కు కనిపించింది. ఏంటని అడిగితే, ఓటీ గంటలు అన్నాడు. మా లెక్కతో పక్కన పెట్టి చూశాం. ఆ నెలకు రెండూ కలిశాయి.